ఈఈప్రామ్ అడ్రస్‌కి పాయింటర్ పెట్టి చదివితే చెత్త వస్తోంది (ఏటీమెగా328పీ)

#1 చెరువుమీటర్
చెరువు నీళ్ళ పీహెచ్ కొలిచే చిన్న బోర్డు. ఏటీమెగా328పీ (ఏవీఆర్ కుటుంబపు చిన్న మైక్రోకంట్రోలర్ చిప్), 8 మెగాహెర్ట్జ్, ఆర్డ్యునో లైబ్రరీలు లేవు, నేరుగా సీ, కంపైలర్ ఏవీఆర్-జీసీసీ 7.3. ప్రోబ్ కాలిబ్రేషన్ విలువలు పీసీలో తయారుచేసి యూఎస్‌బీఏఎస్‌పీ (చిప్‌లోకి రాసే పరికరం)తో ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా విలువలు నిలిచే మెమరీ) 16వ అడ్రస్ నుంచి రాస్తున్నా. మొత్తం 10 బైట్లు: 2 బైట్ల గుర్తు (42330), 4 బైట్ల ఆఫ్‌సెట్, 4 బైట్ల స్లోప్. కోడ్ తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, పలికినట్టు చదువుకోండి:

కాలిబ్ *పీ = (కాలిబ్ *)16;
స్లోప్ = పీ->స్లోప్;

ఒక్క ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. చదివితే మాత్రం అంతా చెత్త. మొదటి రెండు బైట్లు కాసేపు ఒకేలా ఉంటాయి, చివరి రెండు చదివినప్పుడల్లా మారతాయి. ఏవీఆర్‌డ్యూడ్ (చిప్‌లోకి రాసే, చదివే పీసీ ప్రోగ్రామ్)తో ఈఈప్రామ్ వెనక్కి చదివి చూస్తే విలువలు పక్కాగా ఉన్నాయి, అంటే రాయడంలో తప్పు లేదు.

ఇంకో రెండున్నాయి. థర్మిస్టర్ పట్టిక, 64 ఎంట్రీలు, ఒక్కోటి 2 బైట్లు, ప్రోగ్‌మెమ్ అని రాసి ఫ్లాష్‌లో (ప్రోగ్రామ్ ఉండే మెమరీ) పెట్టా. పట్టిక[5] అని రాస్తే సరైన విలువ వస్తుంది. లూప్‌లో పట్టిక[ఐ] అంటే చెత్త. పైగా ఆ లూప్ తిరిగేటప్పుడు సీరియల్‌లో వచ్చే అక్షరాలు అప్పుడప్పుడు మాయమవుతున్నాయి. మూడూ ఒకే జబ్బా, మూడు జబ్బులా?

#2 హెక్స్‌డంప్
ఒకటే జబ్బు. ఇంటి నంబరు 16 అని రాశారు, ఏ వీధిలో 16 అన్నది రాయలేదు.

ఈ చిప్‌లో మూడు వీధులు: ఫ్లాష్, డేటా, ఈఈప్రామ్. మూడింట్లోనూ నంబర్లు సున్నా నుంచే మొదలు. మామూలు సీ పాయింటర్‌ని విప్పితే (అది చూపే అడ్రస్‌లో ఉన్నది చదివితే) కంపైలర్ పెట్టేది ఎల్‌డీ లేదా ఎల్‌డీఎస్ ఇన్‌స్ట్రక్షన్. అది డేటా వీధిలోకే వెళ్తుంది, ఇంకెక్కడికీ వెళ్ళలేదు. ఆ వీధి ఇలా ఉంటుంది (అన్నీ దశాంశంలోనే ఇస్తున్నా):

0 నుంచి 31: సీపీయూ రిజిస్టర్లు ఆర్0–ఆర్31
32 నుంచి 95: ఐఓ రిజిస్టర్లు
96 నుంచి 255: అదనపు ఐఓ రిజిస్టర్లు
256 నుంచి 2303: ఎస్‌రామ్ (చిప్‌లోని ర్యామ్), 2048 బైట్లు

కాబట్టి మీరు చదివిన 16 నుంచి 25 దాకా ఉన్నవి ఆర్16 నుంచి ఆర్25. లెక్క కూడా సరిపోయింది, పది బైట్లు, పది రిజిస్టర్లు. ఆర్16, ఆర్17ని ఏ ఫంక్షనైనా వాడుకుంటే తిరిగొచ్చే ముందు పాత విలువ పెట్టి రావాలి, అందుకే మొదటి రెండు బైట్లు కాసేపు కదలవు. ఆర్24, ఆర్25లో ఫంక్షన్‌కి మొదటి ఆర్గ్యుమెంట్ వెళ్తుంది, రిటర్న్ విలువ వస్తుంది. అవి ప్రతి కాల్‌కీ మారతాయి.

చదవడమే చేశారు కాబట్టి బతికిపోయారు. అదే పాయింటర్‌తో రాసి ఉంటే కంపైలర్ వాడుకుంటున్న రిజిస్టర్ల మీదే రాసేవాళ్ళు.

#3 బ్రెడ్‌బోర్డ్‌బాబు
చివరి రెండు బైట్ల లెక్క అంత కచ్చితంగా కుదరడం భలే ఉంది అన్నా

#4 ఓరుగల్లు8051
8051 (పాత 8 బిట్ల మైక్రోకంట్రోలర్)ల గూడ ఇదే కథ. అక్కడ ఇంకా ఎక్కువ వీధులున్నయ్: డేటా, ఐడేటా, ఎక్స్‌డేటా, కోడ్. లోపలి ర్యామ్‌కు మూవ్, బయటి ర్యామ్‌కు మూవ్‌ఎక్స్, ప్రోగ్రామ్ మెమరీకి మూవ్‌సీ. కాకపోతే కైల్ సీ51 కంపైలర్‌ల మామూలు పాయింటర్ అంటే 3 బైట్లు. మొదటి బైట్‌ల ఏ మెమరీ అన్నది రాసి ఉంటది, మిగిలిన రెండిట్ల అడ్రస్. చదివేటప్పుడు ఒక లైబ్రరీ రొటీన్ ఆ మొదటి బైట్ చూసి సరైన ఇన్‌స్ట్రక్షన్ వాడ్తది. ఎస్‌డీసీసీ కంపైలర్‌ల గూడ 3 బైట్లే. అందుకే 8051 మీద నేర్చుకున్నోళ్ళు ఏవీఆర్‌కు వస్తే ఈ గుంతల పడ్తరు. అక్కడ పాయింటర్ వీధి పేరు మోస్కొస్తది, ఇక్కడ మోయది.

ఖర్చు మాత్రం ఉంటది. ఒక్క బైట్ చదవడానికి రొటీన్ కాల్ అయితది. అందుకే అక్కడ గూడ వేగం కావాల్నంటే పాయింటర్ డిక్లరేషన్‌ల కోడ్ అనో ఎక్స్‌డేటా అనో ముందే చెప్తం, అప్పుడది 2 బైట్లకు దిగుతది.

#5 చెరువుమీటర్
రిజిస్టర్ల సంగతి అర్థమైంది. కానీ పట్టిక[5] ఎలా పనిచేసింది? అదీ అదే పాయింటర్ కదా?

#6 ఫ్యూజ్‌బిట్
అది పనిచేయలేదండి, పనిచేసినట్టు కనిపించింది. పట్టిక కాన్స్ట్, విలువలు అదే ఫైల్లో ఉన్నాయి, ఇండెక్స్ 5 స్థిరం. కంపైలర్ ఆ విలువను కంపైల్ చేసేటప్పుడే తీసి ఎల్‌డీఐ (విలువ ఇన్‌స్ట్రక్షన్‌లోనే ఉండే రకం)తో నేరుగా రిజిస్టర్‌లో వేసేసింది. మెమరీ జోలికే పోలేదు. ఇండెక్స్ ఐ అయ్యేసరికి నిజంగా చదవాల్సి వచ్చింది, అప్పుడు ఎల్‌డీ పెట్టింది, తప్పు వీధికి వెళ్ళింది.

చూడాలంటే: ఏవీఆర్-ఆబ్జ్‌డంప్ (తయారైన ప్రోగ్రామ్‌ని ఇన్‌స్ట్రక్షన్లుగా చూపే సాధనం)ని మైనస్ పెద్ద ఎస్‌తో నడిపి, ఆ లైన్ దగ్గర ఏ ఇన్‌స్ట్రక్షన్ ఉందో చూడండి. ఎల్‌పీఎం ఉంటే ఫ్లాష్ చదువుతోంది. ఎల్‌డీ, ఎల్‌డీడీ, ఎల్‌డీఎస్ అయితే డేటా వీధి. ఎల్‌డీఐ అయితే అసలు చదవడమే లేదు. "ఒక ఎంట్రీ ప్రింట్ చేసి చూశా, బాగానే ఉంది" అని పరీక్ష ముగించేవాళ్ళు ఇక్కడే మోసపోతారు. పరీక్షించేటప్పుడు ఇండెక్స్‌ని వోలటైల్ (ప్రతిసారీ మెమరీ నుంచే చదవమని కంపైలర్‌కి చెప్పే మాట) చేయండి, అప్పుడు దాక్కోవడానికి వీలుండదు.

#7 హెక్స్‌డంప్
ఇక సీరియల్ అక్షరాలు. 328పీలో ఫ్లాష్ మొదట్లో ఉండే ఇంటరప్ట్ వెక్టర్లు (ఇంటరప్ట్ వస్తే ఎక్కడికి దూకాలో చెప్పేవి) 26, ఒక్కోటి 4 బైట్లు, మొత్తం 104. ఆర్డ్యునో కోర్ లేదు, ప్రోగ్‌మెమ్‌లో వేరే పట్టికలు లేవు కాబట్టి మీ పట్టిక ఫ్లాష్‌లో 104 దగ్గర మొదలై ఉండాలి. 128 బైట్లు అంటే 231 దాకా. అదే నంబర్లు డేటా వీధిలో అదనపు ఐఓ రిజిస్టర్లు. 198 దగ్గర ఏముందో డేటాషీట్ చివర రిజిస్టర్ జాబితాలో చూడండి.

#8 చెరువుమీటర్
యూడీఆర్0!! సీరియల్ డేటా రిజిస్టర్.

#9 హెక్స్‌డంప్
అదే. మీరు సీరియల్‌ని ఇంటరప్ట్ లేకుండా పోలింగ్‌తో (అక్షరం వచ్చిందా అని మాటిమాటికీ చూసుకుంటూ) చదువుతున్నారా? అయితే లూప్ 198 దాటిన ప్రతిసారీ యూడీఆర్0 చదివినట్టే, చదివితే లోపల ఆగి ఉన్న అక్షరం బయటికి వచ్చేస్తుంది. తర్వాత మీ అసలు కోడ్ వెళ్తే అక్కడ ఏమీ ఉండదు. ఇంటరప్ట్‌తో చదివే కోడ్ అయితే అక్షరం రాగానే ఐఎస్ఆర్ (ఇంటరప్ట్ వస్తే నడిచే ఫంక్షన్) తీసేసుకుంటుంది కాబట్టి ఈ తప్పు ఏళ్ళ తరబడి బయటపడదు.

#10 చెరువుమీటర్
అవును, పోలింగే.

#11 అమీర్‌పేట_ఆర్మ్
ఇంత గొడవెందుకు? ఎస్‌టీఎం32 (ఆర్మ్ రకం చిప్) పెట్టుకుంటే ఫ్లాష్, ర్యామ్, పెరిఫెరల్స్ అన్నీ ఒకే 4 జీబీ అడ్రస్ పటంలో ఉంటాయి. ఫ్లాష్ హెక్స్ 08000000 దగ్గర, ర్యామ్ హెక్స్ 20000000 దగ్గర. ఎల్0 సిరీస్ అయితే డేటా ఈఈప్రామ్ కూడా హెక్స్ 08080000 దగ్గర పటంలోనే ఉంటుంది. #1లో రాసిన రెండు లైన్లు అడ్రస్ మారిస్తే అక్కడ అలాగే నడుస్తాయి.

#12 రేపల్లె_రిజిస్టర్
అలాగే నడవవు అండి. ఆయన స్ట్రక్చర్‌నే తీసుకోండి. ఏవీఆర్‌లో అలైన్‌మెంట్ (విలువ ఎన్నింటి గుణిజమైన అడ్రస్‌లో మొదలవ్వాలన్నది) 1 బైట్, కాబట్టి గుర్తు 0 దగ్గర, ఆఫ్‌సెట్ 2 దగ్గర, స్లోప్ 6 దగ్గర, మొత్తం 10. ఆర్మ్‌లో ఫ్లోట్ 4కి అలైన్ కావాలి, గుర్తు తర్వాత 2 బైట్లు ఖాళీ వదులుతుంది, మొత్తం 12. పీసీ స్క్రిప్ట్ 10 బైట్లు రాస్తే ఆఫ్‌సెట్ నుంచే అంతా రెండు బైట్లు పక్కకి జరిగిపోతుంది.

సరే, ప్యాక్డ్ (మధ్యలో ఖాళీలు వదలొద్దనే సూచన) పెట్టారనుకోండి. పీ->స్లోప్ అని చదివినంతవరకు కంపైలర్ బైట్లు కూర్చుకుని చదువుతుంది. ఆ సభ్యుడి అడ్రస్ తీసి ఫ్లోట్ పాయింటర్‌గా ఇంకో ఫంక్షన్‌కి పంపారంటే, కార్టెక్స్-ఎం0, ఎం0 ప్లస్ మీద అలైన్ కాని వర్డ్ చదివి హార్డ్‌ఫాల్ట్ (ప్రోగ్రామ్ అక్కడే పడిపోతుంది). ఎల్0 అంటే ఎం0 ప్లస్సే. ఎం3 మీద ఒక్క వర్డ్ చదివే మామూలు ఎల్‌డీఆర్ ఊరుకుంటుంది కానీ ఒకేసారి ఎక్కువ చదివే ఎల్‌డీఆర్‌డీ, ఎల్‌డీఎం ఊరుకోవు. కంపైలర్ పక్కపక్క రెండు వర్డ్‌లను ఒక్క ఎల్‌డీఆర్‌డీగా కలిపేస్తే ఆప్టిమైజేషన్ మార్చినప్పుడు మాత్రమే పడిపోయే ప్రోగ్రామ్ తయారవుతుంది. మెమ్‌కాపీతో ర్యామ్‌లోని స్ట్రక్చర్‌లోకి తెచ్చుకుని వాడటమే మేలు.

#13 అమీర్‌పేట_ఆర్మ్
ప్యాడింగ్ మాట ఒప్పుకుంటా. గుర్తుని 4 బైట్లు చేస్తే రెండు చోట్లా ఒకటే 12 అవుతుంది, ప్యాక్డ్ అక్కర్లేదు.

#14 రేపల్లె_రిజిస్టర్
అది మంచి మార్గం. ఇంకోటి చెప్పాలి, ఎస్‌టీఎం32ఎఫ్103 లాంటి, విడిగా ఈఈప్రామ్ లేని చిప్‌లకి. ఫ్లాష్ చివరి 1 కేబీ పేజీలో విలువలు దాచుకుంటాం. అక్కడ కాన్స్ట్ వేరియబుల్ పెట్టి డిఫాల్ట్ విలువ ఇచ్చి, తర్వాత ప్రోగ్రామే ఆ పేజీ చెరిపి కొత్త విలువ రాస్తుంది. చదివితే పాత డిఫాల్టే వస్తుంది! ఎందుకంటే #6లో ఫ్యూజ్‌బిట్ గారు చెప్పిందే, కంపైలర్ డిఫాల్ట్‌ని కోడ్‌లోకి మింగేసింది. ఫ్లాష్‌లో కొత్త విలువ ఉన్నా దాన్ని ఎవరూ చదవరు. కాన్స్ట్ వోలటైల్ పాయింటర్ ద్వారా చదవాలి. లింకర్ స్క్రిప్ట్‌లో ఫ్లాష్ పొడవు 64కే నుంచి 63కేకి తగ్గించడం మర్చిపోవద్దు, లేదంటే ప్రోగ్రామ్ పెరిగిన రోజు ఆ పేజీలోకి కోడ్ వచ్చి కూర్చుంటుంది, మొదటి కాలిబ్రేషన్‌కే మీ కోడ్‌ని మీరే చెరుపుకుంటారు.

#15 హెక్స్‌డంప్
మళ్ళీ 328పీకి వద్దాం. ఆయన బోర్డు తయారైపోయింది, చిప్ మార్చమనడం వైద్యం కాదు.

ఈఈప్రామ్ ఈ చిప్‌లో అసలు ఏ పాయింటర్‌కీ అందదు. దానికి ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్ కూడా లేదు. మూడు రిజిస్టర్ల ద్వారా వెళ్ళాలి: ఈఈసీఆర్‌లో ఈఈపీఈ బిట్ సున్నా అయ్యేదాకా ఆగు, ఈఈఏఆర్‌లో అడ్రస్ వెయ్యి, ఈఈసీఆర్‌లో ఈఈఆర్‌ఈ బిట్ పెట్టు, ఈఈడీఆర్‌లో బైట్ తీసుకో. చదివినప్పుడు సీపీయూ 4 క్లాకులు ఆగుతుంది, 8 మెగాహెర్ట్జ్‌లో అర మైక్రోసెకను. ఏవీఆర్-లిబ్‌సీ ఇదంతా చేసిపెట్టింది:

కాలిబ్ సీ;
ఈఈప్రామ్_రీడ్_బ్లాక్(&సీ, (కాన్స్ట్ వాయిడ్ *)16, సైజాఫ్(సీ));

మొదటిది ర్యామ్‌లో ఎక్కడికి, రెండోది ఈఈప్రామ్‌లో ఎక్కడినుంచి, మూడోది ఎన్ని బైట్లు. రెండో ఆర్గ్యుమెంట్ పాయింటర్ వేషంలో ఉంటుంది కానీ దాన్ని ఎవరూ విప్పరు, అది ఈఈఏఆర్‌లోకి వెళ్ళే నంబరు మాత్రమే. మొదటి రెండూ తారుమారైతే కంపైలర్ పట్టుకోలేదు, ఎందుకంటే రెండూ వాయిడ్ పాయింటర్లే. అప్పుడు చదివి తెచ్చిన బైట్లు డేటా వీధిలో 16 మీద, అంటే రిజిస్టర్ల మీద పడతాయి. రైట్_బ్లాక్, అప్‌డేట్_బ్లాక్‌లో కూడా మొదట ర్యామ్ అడ్రసే, రెండోది ఈఈప్రామ్. మెమ్‌కాపీ అలవాటు ఉన్నవాళ్ళు అక్కడ తప్పుతారు.

#16 బ్రెడ్‌బోర్డ్‌బాబు
16 అని చేత్తో రాయడం కంటే ఈఈమెమ్ అని వేరియబుల్ డిక్లేర్ చేస్తే లింకరే అడ్రస్ ఇస్తుంది కదా?

#17 ఫ్యూజ్‌బిట్
ఇస్తుంది. ఒకే ఒక్క స్ట్రక్చర్ అయితే పెట్టండి. విడివిడిగా నాలుగైదు ఈఈమెమ్ వేరియబుల్స్ పెడితే వాటి వరుస మీ చేతిలో ఉండదు. కంపైలర్ వెర్షన్ మారినా, మధ్యలో ఒకటి కొత్తగా చేర్చినా వరుస మారవచ్చు. చెరువు గట్టున ఉన్న పాత బోర్డులో పాత వరుసలో విలువలుంటాయి, కొత్త ఫర్మ్‌వేర్ కొత్త వరుసలో చదువుతుంది.

పైగా ఇక్కడ పీసీ స్క్రిప్ట్ కూడా అదే అడ్రస్‌కి రాయాలి. అలాంటప్పుడు చేత్తో రాసిన స్థిర అడ్రసే నయం.

ఈఈమెమ్‌లో ఇచ్చిన తొలి విలువలు ఫ్లాష్ ఫైల్లోకి వెళ్ళవు, వేరే ఈఈపీ ఫైల్లోకి వెళ్తాయి. ఆ ఫైల్ని విడిగా చిప్‌లోకి పంపకపోతే చదివినప్పుడు అన్నీ 255 వస్తాయి.

#18 ఓరుగల్లు8051
255 అంటే గుర్తొచ్చింది. చెరువుమీటర్ తమ్మీ, యూఎస్‌బీఏఎస్‌పీతోని ముందు ఈఈప్రామ్ రాసి తర్వాత ఫ్లాష్ రాస్తున్నవా? ఏవీఆర్‌డ్యూడ్ ఫ్లాష్ రాసే ముందు చిప్ మొత్తం చెరుపుతది, ఈఈప్రామ్ గూడ పోతది. రెండూ ఒకే కమాండ్‌ల ఇయ్యి, చెరుపుడు ఒక్కసారే ముందల అయితది. లేకుంటే ఈఈసేవ్ ఫ్యూజ్ (చిప్‌ల ఉండే సెట్టింగ్ బిట్) పెట్టు. హై ఫ్యూజ్‌ల 3వ బిట్, సున్నా చేస్తే ఈఈప్రామ్ మిగుల్తది. ఫ్యాక్టరీ విలువ హెక్స్ డీ9 ఉంటే డీ1 అయితది.

#19 రేపల్లె_రిజిస్టర్
ఆ 255లు ఫ్లోట్‌గా చదివితే ఏమవుతుందో కూడా చెప్పాలి, ఇది చాలామందికి తగిలే దెబ్బ. నాలుగు బైట్లూ 255 అయితే అది నాన్, అంటే సంఖ్య కానిది. తక్కువా, ఎక్కువా, సమానమా అని దాన్ని దేనితో పోల్చినా జవాబు "కాదు" అనే వస్తుంది. పీహెచ్ ప్రోబ్ స్లోప్ 25 డిగ్రీల దగ్గర సిద్ధాంతం ప్రకారం ఒక్కో పీహెచ్‌కి 59.16 మిల్లీవోల్టులు కాబట్టి జనం ఇలా కాపలా పెడతారు: స్లోప్ 50 కన్నా తక్కువైనా, 65 కన్నా ఎక్కువైనా డిఫాల్ట్ తీసుకో. నాన్ వస్తే తక్కువా కాదు, ఎక్కువా కాదు. కాపలా దాటి లోపలికి వెళ్ళిపోతుంది, ఆ తర్వాత లెక్కలన్నీ నాన్.

షరతు తిరగేసి రాయాలి: 50 నుంచి 65 మధ్య ఉంటేనే తీసుకో, లేదంటే డిఫాల్ట్. తెలుగులో రెండూ ఒకటే అనిపిస్తాయి, చిప్‌కి మాత్రం కావు.

#20 చెరువుమీటర్
నా కోడ్‌లో కాపలా మొదటి పద్ధతిలోనే ఉంది 😳 ఇప్పుడే మారుస్తున్నా.

పట్టిక విషయం: ఫ్లాష్ నుంచి చదివే మాక్రోతో పీజీఎం_రీడ్_వర్డ్(&పట్టిక[ఐ]) అని పెట్టా, విలువలు సరిగ్గా వస్తున్నాయి. కానీ ప్రతిచోటా ఇలా రాయడం తప్పదా? ఒకచోట మర్చిపోయినా కంపైలర్ అరవదు కదా.

#21 ఫ్యూజ్‌బిట్
మీది సీ కాబట్టి తప్పించుకోవచ్చు. జీసీసీ 4.7 నుంచి డబుల్ అండర్‌స్కోర్ ఫ్లాష్ అనే క్వాలిఫయర్ ఉంది. ప్రోగ్‌మెమ్ తీసేసి కాన్స్ట్ __ఫ్లాష్ అని పట్టిక డిక్లేర్ చేయండి. ఇక పట్టిక[ఐ] అని మామూలుగా రాస్తే చాలు, కంపైలరే ఎల్‌పీఎం పెడుతుంది. వీధి పేరు ఇప్పుడు పాయింటర్ రకంలోనే ఉంది. కంపైల్ చేసేటప్పుడు స్టాండర్డ్ జీఎన్‌యూ99 లేదా ఆ తర్వాతి జీఎన్‌యూ రకం ఉండాలి, సీ99 ఇస్తే ఆ పదాన్ని గుర్తించదు.

దాన్ని తీసుకునే ఫంక్షన్ పారామీటర్ కూడా కాన్స్ట్ __ఫ్లాష్ పాయింటరే కావాలి. మామూలు పాయింటర్‌లో వేస్తే మళ్ళీ వీధి పేరు పోతుంది. డబ్ల్యూ-యాడర్-స్పేస్-కన్వర్ట్ అనే వార్నింగ్ ఆన్ చేస్తే అలాంటి చోట్ల అరుస్తుంది. మీరడిగిన అరుపు అదే.

#22 బ్రెడ్‌బోర్డ్‌బాబు
ఆర్డ్యునో స్కెచ్‌లో __ఫ్లాష్ పెడితే ఎర్రర్ వచ్చింది

#23 ఫ్యూజ్‌బిట్
స్కెచ్ సీ++ కదా, అక్కడ లేదు. పట్టిక, దాన్ని చదివే ఫంక్షన్ రెండూ ఒక డాట్ సీ ఫైల్లో పెట్టి, ఎక్స్‌టర్న్ "సీ"తో స్కెచ్ నుంచి పిలవండి.

#24 ఓరుగల్లు8051
3 బైట్ల పాయింటర్ కావాల్నంటే ఏవీఆర్‌ల గూడ __మెమ్ఎక్స్ ఉన్నది కదా?

#25 హెక్స్‌డంప్
ఉంది, 24 బిట్లు. పైబిట్ 1 అయితే ర్యామ్, 0 అయితే ఫ్లాష్. నడిచేటప్పుడు చూసి నిర్ణయిస్తుంది, మీ కైల్ పాయింటర్ లాగే నిదానం. ఈఈప్రామ్ మాత్రం అందులో కూడా లేదు. ఏటీమెగా2560లో 64 కేబీ దాటిన పట్టికలకి పనికొస్తుంది. అక్కడ మామూలు పీజీఎం_రీడ్_బైట్ 16 బిట్ల అడ్రసే తీసుకుంటుంది, 64 కేబీ పైన ఉన్నదాన్ని కింద ఉన్నట్టు చదువుతుంది. ప్రోగ్రామ్ చిన్నగా ఉన్నన్నాళ్ళూ పనిచేసి, పెరిగాక విరిగే రకం ఇది. ఫార్ వెర్షన్ వాడాలి, అడ్రస్‌ని పీజీఎం_గెట్_ఫార్_అడ్రస్‌తో తీసుకోవాలి.

#26 గట్టుమీదగడ్డి
డిస్‌ప్లేలో చూపే మాటల పట్టిక ఉంది. కాన్స్ట్ క్యార్ స్టార్ కాన్స్ట్ మాటలు[] ప్రోగ్‌మెమ్ అని పెట్టా. పీజీఎం_రీడ్_వర్డ్‌తో చదివి స్టర్‌కాపీ_పీకి (ఫ్లాష్ నుంచి స్ట్రింగ్ కాపీ చేసేది) ఇస్తే చెత్త, మామూలు స్టర్‌కాపీకి ఇస్తే సరిగ్గా వస్తోంది. తిరగబడిందేంటి?

#27 హెక్స్‌డంప్
తిరగబడలేదు. మీ పట్టికలో ఉన్నవి పాయింటర్లు. ప్రోగ్‌మెమ్ ఆ పాయింటర్లను మాత్రమే ఫ్లాష్‌లో పెట్టింది. కోట్స్‌లో రాసిన మాటలు మామూలు స్ట్రింగ్ కాన్‌స్టంట్లు, 328పీలో అవి మొదలయ్యేటప్పుడే ర్యామ్‌లోకి కాపీ అవుతాయి. అంటే ర్యామ్ మిగల్చాలన్న పనే జరగలేదు. ఏవీఆర్-సైజ్‌లో డేటా అంకె చూడండి, మాటలన్నీ అందులో కనిపిస్తాయి.

ఒక్కో మాటనీ విడిగా ప్రోగ్‌మెమ్ క్యార్ అర్రేగా డిక్లేర్ చేసి, వాటి పేర్లు పట్టికలో పెట్టండి. అప్పుడు చదవడం రెండు మెట్లు: పీజీఎం_రీడ్_వర్డ్‌తో పాయింటర్, ఆ పాయింటర్‌ని స్టర్‌కాపీ_పీకి. మొదటి మెట్టు మర్చిపోయి పట్టిక ఎంట్రీని నేరుగా స్టర్‌కాపీ_పీకి ఇచ్చేవాళ్ళే ఎక్కువ.

#28 పికోపిచ్చి
ఆర్‌పీ2040లో (పికో బోర్డు చిప్) ఎలాగండీ? బయట ఫ్లాష్ చిప్ కదా, పాయింటర్ పనిచేస్తుందా?

#29 రేపల్లె_రిజిస్టర్
పనిచేస్తుంది. ఫ్లాష్ హెక్స్ 10000000 దగ్గర కనిపిస్తుంది, ఆఫ్‌సెట్ కలిపి నేరుగా చదవండి. తికమక ఎక్కడంటే, చెరిపే, రాసే ఫంక్షన్లకి ఆఫ్‌సెట్ మాత్రమే ఇవ్వాలి, చదివే పాయింటర్‌కి ఆ బేస్ కలపాలి. చెరపడం 4096 బైట్ల లెక్కన, రాయడం 256 లెక్కన. చెరిపే సమయంలో ఫ్లాష్ నుంచి కోడ్ నడవదు కాబట్టి ఇంటరప్టులు ఆపాలి, రెండో కోర్ కూడా ఫ్లాష్ జోలికి రాకుండా చూడాలి.

#30 అమీర్‌పేట_ఆర్మ్
ఏవీఆర్ కుటుంబంలోనే ఉండాలంటే ఏటీమెగా4809 చూడండి. అక్కడ ఈఈప్రామ్ డేటా వీధిలోకే వచ్చేసింది, హెక్స్ 1400 దగ్గర, 256 బైట్లు. ఫ్లాష్ హెక్స్ 4000 నుంచి. #1లో 16 బదులు హెక్స్ 1410 అంటే ఆ రెండు లైన్లూ నడుస్తాయి, ప్యాడింగ్ గొడవ కూడా లేదు. కాన్స్ట్ పట్టికలకి ప్రోగ్‌మెమ్ అక్కర్లేదు.

#31 రేపల్లె_రిజిస్టర్
ఇది పూర్తిగా ఒప్పుకుంటా. చదవడానికే సుమా. రాయాలంటే పేజీ బఫర్, ఆ తర్వాత ఎన్‌వీఎం కంట్రోలర్‌కి కమాండ్, దానికి ముందు సీసీపీ తాళం తీయడం, అవన్నీ ఉన్నాయి.

#32 సోల్డర్‌పొగ
#15కి ఒక అభ్యంతరం. ర్యామ్‌లోకి ఒకసారి కాపీ చేసుకుని నెలల తరబడి దాన్నే నమ్మడం ఎందుకు? బోర్డు గట్టు మీద ఏరేటర్ మోటార్ల పక్కన ఉంటుంది. ర్యామ్ కాపీ ఏ కారణం చేతనైనా చెడితే రీసెట్ దాకా తప్పు పీహెచ్ చూపిస్తూనే ఉంటుంది. ప్రతి కొలతకీ ఈఈప్రామ్ నుంచే చదవొచ్చు, చదివితే అరగదు, లక్ష సార్ల హద్దు రాయడానికే.

#33 హెక్స్‌డంప్
నిజమే, పది బైట్లకి కొన్ని పదుల మైక్రోసెకన్లే పడుతుంది. రెండు షరతులతో ఒప్పుకుంటా. ఐఎస్ఆర్‌లో ఈఈప్రామ్ ముట్టుకోవద్దు: మెయిన్ ఈఈఏఆర్‌లో అడ్రస్ వేసి ఈఈఆర్‌ఈ పెట్టేలోపు ఐఎస్ఆర్ వచ్చి ఈఈఏఆర్ మార్చేస్తే, మెయిన్ వేరే ఇంటి బైట్ తీసుకొస్తుంది. రెండు, ఒక బైట్ రాయడానికి 3.3 మిల్లీసెకన్లు, ఆ మధ్యలో చదవబోతే అంతసేపూ ఆగాల్సిందే.

#34 సోల్డర్‌పొగ
సరిపోయింది. ఇంకా, బ్రౌన్‌ఔట్ ఫ్యూజ్ (వోల్టేజీ పడితే చిప్‌ని రీసెట్‌లో పట్టి ఉంచేది) పెట్టారా? కొత్త చిప్‌లో అది ఆఫ్‌లో ఉంటుంది. వోల్టేజీ మెల్లగా పడిపోతుంటే సీపీయూ పిచ్చి ఇన్‌స్ట్రక్షన్లు నడిపి ఈఈప్రామ్ మీద రాసేయగలదు. 2.7 వోల్టుల స్థాయి పెట్టండి, 8 మెగాహెర్ట్జ్‌కి అది సరైనది.

#35 చెరువుమీటర్
అన్నీ మార్చి చూశా. రీడ్_బ్లాక్, __ఫ్లాష్, కాపలా షరతు, బ్రౌన్‌ఔట్ 2.7, ఫ్లాష్-ఈఈప్రామ్ ఒకే కమాండ్‌లో. సీరియల్‌లో ఒక్క అక్షరం పోవట్లేదు. 16 నుంచి 25 దాకా బైట్లు ఇలా వస్తున్నాయి:

90 165 0 0 32 64 215 163 108 66

ఆబ్జ్‌డంప్‌లో లూప్ దగ్గర ఎల్‌పీఎం కనిపిస్తోంది.

#36 ఫ్యూజ్‌బిట్
165 ఇంటూ 256 ప్లస్ 90, 42330. ఆఫ్‌సెట్ 2.5, స్లోప్ 59.16. చిన్న బైట్ ముందు. అంతా సరి.

ఏవీఆర్-ఎన్ఎం (ఏ పేరు ఏ అడ్రస్‌లో ఉందో చూపే సాధనం) కూడా ఒకసారి నడిపి చూడండి. ర్యామ్ వేరియబుల్స్ 00800100 నుంచి, ఫ్లాష్ పట్టిక 00000068 దగ్గర (అదే మన 104) ఉంటాయి. సరదాకి ఒక ఈఈమెమ్ వేరియబుల్ పెడితే 00810000 అని కనిపిస్తుంది. లింకర్‌కి వీధులు తెలుసు, ముందున్న ఆ 80, 81 అవే. 16 బిట్ల పాయింటర్‌లో అవి పట్టవు, రాలిపోతాయి.

#37 చెరువుమీటర్
ఈఈప్రామ్ 26, 27లో సీఆర్‌సీ (డేటా చెడిందా అని చూసే తనిఖీ సంఖ్య) పెడదామనుకుంటున్నా. లిబ్‌సీలో ఉన్న సీఆర్‌సీ16_అప్‌డేట్ వాడితే చాలా?

#38 రేపల్లె_రిజిస్టర్
చాలు. మొదలుపెట్టే విలువ సున్నా కాకుండా 65535 ఇవ్వండి. సున్నాతో మొదలుపెడితే పది బైట్లూ సున్నాలైనప్పుడు సీఆర్‌సీ కూడా సున్నాయే వస్తుంది, ఖాళీ డేటా పాసైపోతుంది. పీసీ స్క్రిప్ట్‌లో కూడా అదే మొదటి విలువ, అదే పాలినామియల్ (హెక్స్ ఏ001), 26లో చిన్న బైట్, 27లో పెద్ద బైట్.